బిగిసిన రాయి

చాంద్‌కోట్ లోయలో భూమి కంపించి ఆరేళ్ల నాలుగు నెలలైంది. అంతకుముందు ఏడాదికి నాలుగైదుసార్లయినా అటక మీది గిన్నెలు కదిలేవి. ఇరవై ముప్ఫై ఏళ్లకొకసారి ఇళ్లు కూలేవి. ఇప్పుడక్కడి ఆడవాళ్లు ఇత్తడి బిందెలను ఒకదాని మీద ఒకటి ధైర్యంగా పేర్చుకుంటున్నారు. బడిలో కొత్తగా చేరిన పిల్లలకు భూకంపం పాఠంలో మాట మాత్రమే.

ఆ మార్పు తెచ్చిన మనిషి మాబున్ని. హిమాలయాల్లో ఇరవయ్యేళ్లుగా ఉంటున్నా ఆమెది నంద్యాల జిల్లా బేతంచర్ల. నాపరాతి గనుల్లో బండలు చీల్చిన దస్తగిరి కూతురు. భర్త పోయాక ఇంట్లో ఆమె, తండ్రి ఇద్దరే. ఆమెకు యాభై రెండు, ఆయనకు డెబ్బై ఆరు.

ప్రయోగశాల చూడటానికి ఎవరొచ్చినా మాబున్ని ఉపన్యాసం చెప్పేది కాదు. రెండు నాపరాతి పలకలు తీసేది. మొదటిదాన్ని ఇనుప దవడల మధ్య పెట్టి రెండు వైపుల నుంచీ బిగించేది. కాసేపు ఏమీ జరిగేది కాదు. తర్వాత ఒక్కసారిగా టప్పున విరిగి ముక్కలు గాజుతలుపుకు తగిలేవి. రెండోదాన్ని కూడా అలాగే బిగించి, దానికి వేలంత కడ్డీ ఆనించి మీట నొక్కేది. కడ్డీ వణికేది. ఆ వణుకు చెవికి వినిపించదు, పళ్లకు తెలుస్తుంది. ఈసారి రాయి విరగదు. మధ్యాహ్నం దాకా వదిలేస్తే మెత్తగా వంగి, నడుమ గూనులా పైకి లేస్తుంది.

"ఇదే కొండ," అనేది మాబున్ని. "దక్షిణం నుంచి మన నేలంతా ఏడాదికి రెండు మూడు వేళ్ల వెడల్పున ఉత్తరానికి తోసుకొస్తోంది. ఇక్కడ అడ్డం తగిలి ముడతలు పడుతోంది. బాగా లోతున వేడి ఉంటుంది కాబట్టి అక్కడి రాయి ఇలా వంగుతుంది. పైన చల్లటి రాయికి వంగడం రాదు. ఓర్చుకుని ఓర్చుకుని విరుగుతుంది. మేం పైరాయికి కిందిరాయి పద్ధతి నేర్పుతున్నాం."

చాంద్‌కోట్ కింద భూమి విరిగే పగులు వెంట మూడు వందల పన్నెండు బోర్లు తవ్వి అలాంటి కడ్డీలే దించారు. ఎన్నో ఏళ్లకు ఒక్క ఊపున జరగాల్సిన రాయి రోజుకు వెంట్రుకవాసి చొప్పున జరగసాగింది. దానికి సడలింపు అని పేరు పెట్టారు.

రాయి ఆరోగ్యం తెలుసుకునే సాధనానికి మాత్రం ప్రయోగశాల కాలనీలో తాతచెవి అని పేరు. బోరు అడుగున చిన్న సుత్తి గంటకోసారి రాతిని కొడుతుంది. ఆ మోత పైన తెర మీద నూటికి ఇంతని అంకెగా కనబడుతుంది. ఏ మోతకు ఏ అంకె వెయ్యాలో యంత్రానికి నేర్పింది దస్తగిరి. ఏడేళ్ల కిందట నాలుగు నెలలపాటు ప్రయోగశాల వరండాలో చాప వేసుకుని కూర్చుని, రెండు వేల రాతిముక్కలను ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి చెప్పాడు. మొద్దుగా పలికితే పగుళ్ల రాయి. గణగణమంటే మంచి రాయి. బేతంచర్లలో యాభై ఏళ్లు ఆయన బండలు ఏరిన తీరు అదే. ఆయన మంచిదన్న మోతకు పచ్చరంగు, పగుళ్లదన్న మోతకు ఎరుపు.

తూర్పున పక్కలోయ మునియాలీలో కడ్డీలు లేవు. కానీ అక్కడా నాలుగు బోర్లలో తాతచెవి పెట్టారు. మొదట ఎనభై చూపిన అంకె ఏటేటా పెరిగి తొంభై ఎనిమిదికి వచ్చింది. నిండు పచ్చ. "తూర్పు వైపు గుండె గట్టిదండి మేడమ్," అనేవాడు జోగినాయుడు. బోర్ల పని చూసే ఇంజనీరు. బొబ్బిలివాడు.

చైత్రమాసంలో మునియాలీ బోరులో ఒక సుత్తి పాడైంది. మార్చడానికి మాబున్ని, జోగినాయుడు బయల్దేరుతుంటే దస్తగిరి చెప్పులు వేసుకుని జీపు పక్కన నిలబడ్డాడు.

"నువ్వెందుకు నాయనా, దారి బాగలేదు."

"ఇంట్లో ఒగన్నే గూచుంటే గోడలు మాట్లాడ్తాయా ఏంది? నేనూ వస్తా."

"రండి తాతగారూ," అన్నాడు జోగినాయుడు. "మీ రాయలసీమోళ్లకి కొండలంటే రాళ్ల కుప్పలే కదా. అసలు కొండ చూద్దురు గాని."

"మీ బొబ్బిల్లో యేముండాదప్పా, యీణ తప్ప? రాయంటే మాది. మా బండ లేని ఇల్లు మీ ఊళ్లో గూడా లేదు, పోయి జూసుకో."

"అదీ నిజమేనండి. మా ఇంట్లో కూడా మీ బండలే."

మునియాలీ పైన కొండలోకి పాతకాలపు సొరంగం ఒకటి ఇరవై గజాలు పోయి ఆగింది. బోరు దాని చివర. జోగినాయుడు తాడు దించుతుంటే దస్తగిరి గోడ వెంట నడిచాడు. అలవాటు చొప్పున జేబులో సుత్తి తీసి రాతిని కొట్టాడు.

గుడి గంటలా మోగింది.

"ఎంత బాగా పలికిందండీ," అన్నాడు జోగినాయుడు.

ముసలాయన అక్కడే ఇంకోసారి కొట్టాడు. నాలుగు అడుగులు పోయి కొట్టాడు. నేలమీద మోకాళ్లూని నేలను కొట్టాడు. తర్వాత సుత్తిని పక్కన పెట్టి, అరచెయ్యి రాతికి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"పాపా. ఆరేండ్ల కింద ఈ రాయి ఎట్ల పలికిందో ఇనిపిస్తావా?"

మాబున్ని చేతిలోని చిన్న తెర మీద పాత రికార్డులు వెతికింది. మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు. ఒక్కొక్క మోతా ముందుదానికంటే కాస్త సన్నగా, కాస్త పైకి. ఆరూ వరుసగా వింటే వీణ బిరడను ఎవరో మెల్లగా తిప్పుతున్నట్టుంది.

"ఇది మంచి రాయి గాదు పాపా," అన్నాడు దస్తగిరి. "బిగిసిన రాయి."

"తేడా ఏంటి నాయనా?"

"బయట బోదాం పా. ఈడ వద్దు."

బయటికి వచ్చాక ఆయన నేరుగా జీపు ఎక్కాడు. జీపులో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జోగినాయుడు రెండు మూడుసార్లు పలకరించి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే మాబున్ని జొన్నపిండి కలిపింది. కిందనుంచి లారీలో తెప్పించుకునే పిండి. రొట్టె తట్టుతుంటే వెనక పీట మీద కూర్చుని దస్తగిరి మొదలుపెట్టాడు.

"మీయన్న సంగతి."

ఆమె చెయ్యి ఆగలేదు. అన్న ఖాసీం పోయి ఇరవై ఎనిమిదేళ్లు. గనిలో పేలకుండా మిగిలిపోయిన మందు గడ్డపార తగిలి పేలిందని అందరికీ తెలుసు. రాళ్ల చదువు చదువుతానని ఆమె పట్టుబట్టింది కూడా ఆ తర్వాతే.

"మందు గాదు పాపా."

రొట్టె పెనం మీద వేసింది.

"నలభై అడుగుల కింద గని అడుగు. ఆడ బండ ఎట్లుండాదో సూడు నాయనా అన్న్యాడు వాడు. నేను కొట్టి సూస్తి. గణగణమన్న్యాది. అంత బాగ పలికిన బండ నా సర్వీసులో లేదు. మంచి రాయి, దిగు అంటి. వాడు సందులో గడ్డపార పెట్టినాడు. బండ కిందనుంచి లేసి కొట్న్యాది. పైనుంచి పడి సచ్చినోళ్లను సూసినా గాని, కిందనుంచి రాయి లేసేది అదే సూసేది. జనం వచ్చి మందు పేలిందన్న్యారు. నేనూ అదే అంటి."

"ఎందుకు?"

"మంచిదని చెప్పింది నేను గదా."

రొట్టె మాడిన వాసన వచ్చింది. మాబున్ని పెనం దించింది. "ముక్కలు కొట్టి చెప్పినప్పుడు ఈ మాట గుర్తు రాలేదా నాయనా?"

"నువ్వు ముక్కలిచ్చినావు, ముక్కలకు చెప్పినా. తెగిన రాయికి బరువుండదు. అది గణగణమంటే మంచిదే. కొండలో ఉన్న రాయికి అట్ల గాదు, బరువుకు బిగిసినా గణగణమంటాది. అడిగినోళ్లు లేరు." మాడిన రొట్టెను చూస్తూ, "అడగకపోయినా చెప్పాల్సుండె," అన్నాడు.

ఆమె అనాల్సింది ఆయనే అనుకుని ఉన్నాడని ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. మాడిన రొట్టె తాను తీసుకుని ఇంకొకటి తట్టింది. ఇద్దరూ తిన్నారు.

తర్వాతి మూడు రోజులూ ఆమె లెక్కలు వేసింది. మునియాలీ కొండ జరిగిన తీరును ఉపగ్రహం ఏటా కొలుస్తూనే ఉంది. రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినప్పుడల్లా శీతాకాలపు మంచు బరువు వల్లనుకుని తీసేశారు. తాతచెవి పచ్చగా ఉన్నప్పుడు అనుమానించడానికి ఏముంది? ఇప్పుడామె ఆ తీసేసినవన్నీ మళ్లీ చేర్చింది. చాంద్‌కోట్ వదిలేసిన బరువు ఎక్కడికీ పోలేదు. మూడింట రెండు వంతులు మునియాలీ మోస్తోంది. వందేళ్లలో రావలసిన బిగువు ఆరేళ్లలో వచ్చి కూర్చుంది.

జోగినాయుడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"అంటే ఏటండి, మనం దించలేదా? పక్కోడి మీదకి తోసీసేమా?"

తలుపు దగ్గర నుంచున్న దస్తగిరి అందుకున్నాడు. "బండను నలుగురు మోస్తాంటే ఒగడు భుజం దించుతాడు జూడు. బరువు తగ్గుతాదా? పక్కోని నడుం పోతాది."

"కంపం రాలేదని ఆరేళ్లు మిఠాయిలు తిన్నాం కదండీ మేడమ్," అన్నాడు జోగినాయుడు. కాగితం మడిచి తిరిగిచ్చాడు.

ఢిల్లీ నుంచి సంచాలకుడు వచ్చాడు. నెమ్మదస్తుడు. మాబున్ని చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"తూర్పున కూడా కడ్డీలు దించుదాం. రెండు నెలల పని. ఈలోగా బయటకు పొక్కితే నలభై ఊళ్లు రోడ్డున పడతాయి."

"బిగిసిన రాయిలో బోరు వేస్తే, అది విరగడానికి ఆ బోరే చాలు."

"అది మీ నాన్నగారి చెవి చెప్పిన మాట."

"ఆరేళ్లుగా మనం చూసిన ప్రతి పచ్చరంగూ ఆయన చెవి చెప్పిందే. అప్పుడు మీరు అడగలేదు, నేనూ అడగలేదు."

అతను కిటికీలోంచి చూశాడు. "ముందు పై కమిటీకి రాయండి. వాళ్లు నిర్ణయిస్తారు."

మాబున్ని కమిటీకి రాసింది. ఆ ఉత్తరం పోస్టులో వేసిన రోజే మునియాలీకి వెళ్లింది. చాంద్‌కోట్ కడ్డీల వేగం సగానికి తగ్గించమని జోగినాయుడికి చెబితే అతను అప్పటికే తగ్గించానన్నాడు.

మునియాలీ పంచాయతీకి పెద్ద బిశనీ దేవి. అరవయ్యేళ్ల మనిషి, గొర్రెల ఉన్ని వడికే చేతులు. ఊరంతా బడి ముందు చేరింది. మాబున్ని వాళ్ల హిందీలో చెప్పింది. కడ్డీల సంగతి, బరువు సంగతి, మోత సంగతి. పొరపాటు మాదే అని కూడా చెప్పింది.

"ఎప్పుడొస్తుంది?" అనడిగింది బిశనీ దేవి.

"తెలీదు. రేపు కావచ్చు. ఏడాది తర్వాత కావచ్చు."

"ఆ లోయవాళ్ల బరువు మా మీద పెట్టేటప్పుడు మమ్మల్ని అడిగారా?"

"లేదు."

"వాళ్లనైనా అడిగారా, పక్కవాళ్లకి ఇద్దామా అని?"

"మాకే తెలీదు."

ఎవరో వెనకనుంచి బూతు మాట అన్నారు. బిశనీ దేవి అటు చూడలేదు. "తెలీనప్పుడు చెయ్యి పెట్టకూడదు బేటీ," అంది. తర్వాత ఊరివైపు తిరిగి, గొర్రెల్ని ముందు తోలండి అని చెప్పింది.

పైన బుగ్యాల్ ఉంది. కొండ భుజం మీద చెట్లు లేని పచ్చిక మైదానం. ఎండాకాలంలో గొర్రెలు మేపుకునే చోటు. మీద పడటానికి అక్కడ రాయి లేదు, గోడ లేదు. మునియాలీ, దాని చుట్టుపక్కల పదకొండు పల్లెలు వారంలో పైకి చేరాయి. మిగతా ఊళ్లు నవ్వాయి, తర్వాత కొన్ని వచ్చాయి. కమిటీ నుంచి జవాబు రాలేదు. వదంతులు పుట్టిస్తున్నందుకు సంజాయిషీ అడుగుతూ ఢిల్లీ నుంచి ఇంకో ఉత్తరం మాత్రం వచ్చింది. మాబున్ని దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆమె, తండ్రి కూడా ఒక గుడారంలో ఉన్నారు. దస్తగిరికి అక్కడి భాష ఒక్క ముక్క రాదు. పొద్దున్నే లేచి కిందికి దిగి రాతిని కొట్టి వచ్చేవాడు. ఊరివాళ్లు ఆయన ముఖం చూసేవాళ్లు. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అంటే ఇంకా బిగిసే ఉంది.

పది రోజులయ్యాయి. పన్నెండయ్యాయి. చలికి ఇద్దరు ముసలివాళ్లు జ్వరపడ్డారు. కింద మెట్టపొలాల్లో గోధుమ పండి రాలిపోతోంది. పద్నాలుగో రోజున నలుగురు దిగారు. మర్నాడు ఇరవై మంది.

"చెప్పు నాయనా, ఇంకెన్నాళ్లని చెప్పను?" అంది మాబున్ని.

"నాకేం తెల్సు పాపా. మోత ఇనబడ్తాది గాని రోజు ఇనబడదు."

బిశనీ దేవి కొడుకు మహేందర్ వచ్చి గుడారం ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు. నవ్వుతూ మాట్లాడే మనిషి. "అమ్మ వద్దంటోంది. మీరు చెప్పండి మేడమ్‌జీ. రెండు రోజులు. కోసుకుని వచ్చేస్తాను. తిండిగింజలు లేకపోతే మీ భూకంపం రాకముందే చస్తాం కదా."

"వెళ్లొద్దు," అంది మాబున్ని.

"ఏడాది తర్వాత కూడా కావచ్చన్నారు."

అతను కొడవలి భుజాన వేసుకుని దిగిపోయాడు.

పంతొమ్మిదో రోజు పొద్దున పదిన్నరకు గొర్రెలన్నీ ఒకేసారి తలలెత్తాయి. తర్వాత పచ్చిక దుప్పటి దులిపినట్టు లేచింది. నిలబడ్డవాళ్లు పడిపోయారు, కూర్చున్నవాళ్లు గడ్డిని పట్టుకున్నారు. శబ్దం కిందనుంచి వచ్చింది, ఎన్నో లారీల రాళ్లు ఒక్కచోట గుమ్మరించినట్టు. డెబ్బై లెక్కపెట్టేదాకా ఆగలేదు. ఆగాక లోయలోంచి దుమ్ము నిదానంగా పైకి వచ్చి సూర్యుణ్ని పసుపు చేసింది. బుగ్యాల్ మీద ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కింద మునియాలీలో నిలిచిన గోడ లేదు. పైకి ఎక్కకుండా ఉండిపోయిన ఊళ్లు, మళ్లీ దిగి వెళ్లినవాళ్లు కలిపి మూడు వందల నలభై ఒక్క మంది పోయారు. పై మైదానంలో ఉన్న తొమ్మిది వేల మంది మిగిలారు. పత్రికలు తొమ్మిది వేల సంగతి రాశాయి. చాంద్‌కోట్‌లో పేర్చిన బిందెలు దొర్లి పడ్డాయి, ఇళ్లు నిలిచాయి.

కొలవాల్సింది కొలవక తప్పదు కాబట్టి మాబున్ని కంపం తర్వాత ఐదో రోజు సాధనాలు పట్టుకుని శిఖరం మీదికి వెళ్లింది. మునియాలీ కొండ నాలుగడుగులు పెరిగింది. ఉత్తరపు వాలులో పొరలు పొరలుగా కొత్తరాయి బయటపడి, ఎండలో తడిగా మెరుస్తోంది. పొరలన్నీ ఒకే దిక్కుకు వంగి ఉన్నాయి. ఆ వంపును ఆమె ప్రయోగశాలలో వందలసార్లు చేసి చూపింది. పుస్తకంలో అంకె రాసుకుని, తేదీ వేసి, దిగి వచ్చింది.

"చాంద్‌కోట్ కడ్డీలు పూర్తిగా ఆపీమంటారా మేడమ్?" అనడిగాడు జోగినాయుడు. పారతో రాళ్లు తీసి తీసి అతని అరచేతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి.

"ముందు ఆ లోయవాళ్లని పిలిచి చెబుదాం. ఉంచితే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో. ఇటువాళ్లు కూడా కూర్చోవాలి."

"ఆళ్లూ ఈళ్లూ ఒక్కచోట కూర్చుంటారంటారా?"

"కూర్చోకపోతే కూర్చునేదాకా పిలుద్దాం."

మహేందర్ శవం ఆరో రోజు దొరికింది. కోసిన గోధుమ కట్టలు పక్కనే ఉన్నాయి. నదీతీరాన దహనం అయ్యాక జనం వెళ్లిపోయినా బిశనీ దేవి ఒక రాతిమీద కూర్చునే ఉంది. పలకరించడానికి ఎవరికీ చేతకాలేదు. మాబున్ని టీ గ్లాసు పట్టుకుని వెళ్తూ, తండ్రి తనకంటే ముందు అక్కడికి చేరడం చూసి ఆగింది.

దస్తగిరి బిశనీ దేవికి రెండడుగుల దూరంలో నేలమీద కూర్చున్నాడు. నదిని చూస్తూ తన భాషలోనే మాట్లాడాడు.

"నా కొడుకు పేరు ఖాసీం. ఇరవై ఆరేండ్లు. రాయి మంచిది, దిగు అని చెప్పింది నేనే తల్లీ. ఇరవై ఎనిమిదేండ్లు ఎవురికీ చెప్పలే. చెప్పుంటే నీ కొడుకు ఉండేటోడు."

బిశనీ దేవి ఆయన వైపు తిరిగింది. ఒక్క మాటా అర్థం కాలేదు. ఆయన పెదవులనే చూస్తూ చివరిదాకా వింది. ఆయన ఆగాక ఆమె తన భాషలో మొదలుపెట్టింది. మహేందర్ పుట్టినప్పుడు మంచు ఎంత పడిందో, మొదటి గొర్రెకు వాడేం పేరు పెట్టాడో చెప్పింది. దస్తగిరికి అర్థం కాలేదు. ఆయనా తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

మాబున్నికి రెండు భాషలూ వచ్చు. ఇద్దరి మాటలూ స్పష్టంగా వినిపించేంత దూరంలోనే ఉంది. ఆమె మధ్యకు వెళ్లలేదు. టీ చల్లారిపోతుందని తెలిసినా అక్కడే నిలబడింది.